కార్డు పోలేదు తమ్ముడూ, తెరకు కుదురు తప్పింది

ప్రశ్న: అన్నా, మాది నల్గొండ జిల్లా గట్టుప్పల్. నాన్న ఇక్కత్ చీరలు నేస్తారు. 2020లో నల్గొండలో అసెంబుల్ చేయించిన కంప్యూటర్ ఇంట్లో ఉంది. ఇంటెల్ ఐ5 9400ఎఫ్, 8 జీబీ ర్యామ్, ఎన్విడియా జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు, 75 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ మానిటర్. పగలు అక్క దాని మీద చీరల డిజైన్లు వేస్తుంది, రాత్రి నేను జీటీఏ 5 ఆడతాను. నెల క్రితం విండోస్ 10 నుంచి 11కి మార్చాను. అప్పటి నుంచి ఆటలో కెమెరా పక్కకు తిప్పితే తెర మధ్యలో అడ్డంగా చీలినట్టు అవుతోంది. అక్క పనిలో మాత్రం ఏ తేడా లేదు. షాపులో చూపిస్తే కార్డు పోయే దశలో ఉందని, కొత్తది వేయించుకోమని అన్నారు. నాన్నేమో వోల్టేజీ వల్ల అయి ఉంటుంది, స్టెబిలైజర్ కొందామంటున్నారు. మళ్లీ విండోస్ 10కి వెళ్లిపోనా? మానిటర్ పెట్టె మీద ఫ్రీసింక్ అని కూడా రాసి ఉంది, అది పనికొస్తుందా?
– డిగ్రీ విద్యార్థి, గట్టుప్పల్

జవాబు:

తమ్ముడూ, ముందు జేబులో పెట్టిన చెయ్యి బయటికి తీయి. కొత్త కార్డు వద్దు, స్టెబిలైజరూ వద్దు. సమాధానం సగం నీ ఉత్తరంలోనే ఉంది. అక్క పనిలో తేడా లేదన్నావు, కెమెరా పక్కకు తిప్పినప్పుడే చీలిక అన్నావు, విండోస్ మార్చిన రోజు నుంచే అన్నావు. ఈ మూడు మాటలూ కలిపి చదివితే కార్డు మీద నేరం మోపడానికి పెద్దగా ఏమీ మిగలదు. వేడెక్కితేనే తిక్క చూపే కార్డులు ఉంటాయి, కాదనను. కానీ ఆ తిక్క వేరుగా ఉంటుంది. దాన్ని రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకునే ఉపాయం కింద చెబుతాను.

దీన్ని స్క్రీన్ టేరింగ్ అంటారు. నీకు మగ్గం భాషలో చెప్పడం నాకు తేలిక.

మానిటర్ బొమ్మను ఒక్కసారిగా తెర మీద అతికించదు. బట్ట నేసినట్టే పై నుంచి కిందికి వరుస తర్వాత వరుస వేసుకుంటూ వస్తుంది. నీ ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1080 వరుసలు ఉంటాయి. 75 హెర్ట్జ్ అంటే ఈ 1080 వరుసల నేత సెకనుకు 75 సార్లు జరుగుతుందని అర్థం. ఒక్కో నేతకు 13.3 మిల్లీసెకన్లు పడుతుంది. అదే 60 హెర్ట్జ్ అయితే 16.7. కార్డు పని వేరు. అది కండెలు, అంటే నాడెలో పెట్టే నూలు చుట్టలు, చుట్టి అందించే మనిషి లాంటిది. ఒక బొమ్మకు కావలసిన రంగులన్నీ సిద్ధం చేసి మానిటర్ పక్కన పెడుతుంది, వెంటనే తర్వాతి బొమ్మ మొదలుపెడుతుంది.

నాన్న పేక ఇక్కత్, అంటే అడ్డపోగులకు రంగులద్దిన ఇక్కత్, నేసేటప్పుడు చూసే ఉంటావు. రంగులద్దిన పేక నూలును కండెలుగా చుట్టి, ఏది ముందు ఏది వెనక అన్న వరుస తప్పకుండా పక్కన పేర్చుకుంటారు. నాడె అటు నుంచి ఇటు వచ్చిన తర్వాత, కొత్త పోగు మీది రంగు కింది పోగు రంగుతో కలిసిందో లేదో చూసి, వేలితో అటో ఇటో సవరించుకున్నాకే దగ్గరికి కొడతారు. ఇప్పుడు చిలక బొమ్మ సగం పడ్డాక ఎవరో వచ్చి ఆ కండెల వరుస ఎత్తేసి, అదే చిలక కాస్త పక్కకు జరిగి ఉన్న ఇంకో డిజైన్ కండెలు అక్కడ పెట్టారనుకో. నేసే మనిషి తలెత్తకుండా నేసుకుంటూ పోతే చిలక తల ఒకచోట, మెడ మరోచోట పడుతుంది. పాత కండెలూ మంచివే, కొత్త కండెలూ మంచివే. ఒక్క పోగూ తెగలేదు. మార్చకూడని సమయంలో మార్చారు, అంతే.

నీ తెర మీద జరుగుతున్నది సరిగ్గా ఇదే. పోలిక ఒక్క చోట కుదరదు: మీ నాన్నగారికి కళ్లున్నాయి, తప్పు పడగానే ఆపేస్తారు. మానిటర్ ఆపదు. కార్డు ఏది అందిస్తే అది గుడ్డిగా వేసుకుంటూ పోతుంది.

పక్కకు తిప్పినప్పుడే ఎందుకంటే, లెక్క చూడు. కెమెరాను సెకనుకు ఒక తెర వెడల్పు చొప్పున తిప్పావనుకుందాం. 1920 చుక్కల దూరం 75 బొమ్మల మధ్య పంచితే ఒక్కో బొమ్మకు పాతిక చుక్కల పైన జరుగుతుంది. అంటే రోడ్డు పక్క దీపపు స్తంభం పై ముక్కకూ కింది ముక్కకూ మధ్య పాతిక చుక్కల ఎడం. కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రోడ్డు మీద తిన్నగా నడుస్తుంటే పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ తేడా తక్కువ కాబట్టి చీలిక ఉన్నా తెలియదు.

ఇక, కింద చెబుతానన్న ఉపాయం. ఆటలో ఏదైనా నిలువు స్తంభం పక్కన నిలబడి మౌస్‌ను కుడి ఎడమలకు ఆపకుండా తిప్పు. స్తంభం విరుగుతున్నప్పుడే కీబోర్డు మీద విండోస్ కీ పట్టుకుని ప్రింట్ స్క్రీన్ నొక్కు. ఒకటి కాదు, పది తీయి. ఆట మూసేసి వాటిని తీరిగ్గా చూడు. స్క్రీన్‌షాట్ కార్డు దగ్గరున్న పూర్తి బొమ్మను తీసుకుంటుంది, మానిటర్ వేసిన నేతను కాదు. అందుకే పది బొమ్మల్లోనూ స్తంభం నిలువుగా, నిక్షేపంగా ఉంటే కార్డు తన పని తాను బాగానే చేస్తోందని అర్థం. తేడా కార్డుకూ మానిటర్‌కూ మధ్య సమయం కుదరకపోవడంలో ఉంది. అలా కాకుండా స్క్రీన్‌షాట్‌లోనే రంగురంగుల చుక్కలు, గళ్లు, ఎక్కడికో సాగిపోయిన త్రిభుజాలు కనిపిస్తే అప్పుడు షాపాయన మాట వినాలి. నిజంగా పోతున్న కార్డు గుర్తులు అవి. కంప్యూటర్ ఆన్ చేయగానే వచ్చే లోగో మీదే గీతలు పడటం, ఆట మధ్యలో తెర నల్లబడి డ్రైవర్, అంటే కార్డును విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్, పడిపోవడం కూడా అలాంటివే. ఫోనుతో వీడియో తీసి తేల్చుకోవాలని చూడకు. ఫోను కెమెరా కూడా వరుసల వారీగానే చదువుతుంది, లేని గీతలు కూడా చూపిస్తుంది. షాపులో ఫోను వీడియో చూసి చెప్పి ఉంటే ఆ తీర్పుకు అంత విలువ ఇవ్వనక్కర్లేదు.

అక్క డిజైన్లు ఎందుకు చీలవంటావా? విండోస్‌లో మామూలు పనికి కనిపించే కిటికీలన్నింటినీ ఒక పెద్దమనిషి చేరదీసి, ఒక్క బొమ్మగా కుట్టి, మానిటర్ ఒక నేత పూర్తి చేసి మళ్లీ పైకి వెళ్లే ఆ చిన్న విరామంలోనే అందిస్తాడు. అతని పేరు డెస్క్‌టాప్ విండో మేనేజర్. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి అతన్ని పక్కన పెట్టడం ఎవరి తరమూ కాదు. అక్క పని అంతా అతని చేతుల మీదుగానే తెరకెక్కుతుంది. ఆట మాత్రం పూర్తి తెర ఆక్రమించుకుని, ఆలస్యం కాకూడదని అతన్ని దాటి నేరుగా మానిటర్ దగ్గరికి పోతుంది. కండెలు ఎప్పుడు మార్చాలన్న క్రమశిక్షణ ఇక ఆటదీ, డ్రైవర్‌దీ.

ఆ పెద్దమనిషి విలువ నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. విండోస్ 7 రోజుల్లో, మహబూబ్‌నగర్‌లో, మా ఇంట్లో 1 జీబీ ర్యామ్ కంప్యూటర్ ఉండేది. ఏరో అనే ఆ గాజు సొగసు తీసేస్తే వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారు. తీసేశాను. ఏరోతో పాటు ఆ పెద్దమనిషి కూడా పోతాడని నాకు తెలియదు. ఆ సాయంత్రం సినిమా పెడితే, కెమెరా కదిలినప్పుడల్లా హీరో నుదురు ఒక పక్క, గడ్డం ఇంకో పక్క. కేబుల్ లూజయిందనుకున్నాను. కొత్త కేబుల్ తెచ్చాను. అయినా పోకపోతే మానిటర్‌ను అనుమానించి పక్కింటి మానిటర్ అరువు తెచ్చాను. దాని మీదా అంతే. రెండు వారాల తర్వాత ఇంకేదో వెతుకుతూ ఏరో మళ్లీ పెడితే గడ్డం నుదుటి కిందికి వచ్చి చేరింది. ఆ కేబుల్ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మరి విండోస్ 10లో ఎందుకు లేదన్నదే నీ అసలు ప్రశ్న. నా ఊహ ఇది: 2020లో కంప్యూటర్ కట్టినప్పుడు షాపువాళ్లో, ఆ తర్వాత ఎప్పుడో నువ్వో, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో వర్టికల్ సింక్ ఆన్ చేసి మరచిపోయారు. వర్టికల్ సింక్ అంటే, ఒక నేత పూర్తయ్యే దాకా కండెలు మార్చవద్దని కార్డుకు ఆజ్ఞ. విండోస్ పెద్ద మెట్టు ఎక్కినప్పుడు చాలాసార్లు గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తనకు తోచినదానితో మార్చేస్తుంది. డ్రైవర్ మారితే దానిలో దాచుకున్న ఇలాంటి ఆజ్ఞలు కూడా మొదటికి వస్తాయి. అంటే విండోస్ 11 చీలికను కొత్తగా తెచ్చిపెట్టలేదు. చీలిక ఆటకు పుట్టుకతో ఉన్నదే, ఇన్నాళ్లూ ఒక చిన్న టిక్కు దాన్ని కప్పి ఉంచింది. ఆ టిక్కు పోయింది.

పని మొదలుపెట్టేటప్పుడు ముందు చూడాల్సింది డ్రైవర్ కాదు, రిఫ్రెష్ రేటు, అంటే మానిటర్ సెకనుకు ఎన్నిసార్లు నేస్తోందన్న లెక్క. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, కింద అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే. అక్కడ మానిటర్ ఇప్పుడు ఎంతకు నడుస్తోందో ఉంటుంది. డ్రైవర్ మారినప్పుడు 75 కాస్తా 60కి పడిపోవడం మామూలే. ఆటలో నువ్వు ఎప్పుడో 75 బొమ్మల పరిమితి పెట్టుకుని, మానిటర్ 60కి దిగిపోయి ఉంటే, ఒక చోట కాదు మూడు నాలుగు చోట్ల గీతలు మిణుకుమంటాయి. ఇంకో గుర్తు కూడా ఉంది, నాకు ఇష్టమైనది. గీత ఒక్కటే ఉండి, నింపాదిగా కింది నుంచి పైకి పాకుతూ, పైకి చేరాక మళ్లీ కింద మొదలవుతోందా? గడియారం పెట్టి చూడు. ఒక చుట్టుకు 16, 17 సెకన్లు పడితే, ఆట 60 దగ్గర ఆగి ఉంది, మానిటర్ 59.94 దగ్గర నడుస్తోంది. సెకనుకు 0.06 తేడా, చుట్టు పూర్తవడానికి 16.7 సెకన్లు. గీత నడకను బట్టి తేడా ఎంతో లెక్కకట్టవచ్చు.

తర్వాత డ్రైవర్. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరువు, డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ఏం రాసి ఉందో చూడు. అక్కడ జీటీఎక్స్ 1650 కాకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే కార్డుకు అసలు డ్రైవరే లేదన్నమాట. కానీ అలా ఉంటే నీ ఆట ఆడగలిగే స్థితిలోనే ఉండదు కాబట్టి నీ విషయంలో పేరు సరిగ్గానే ఉంటుంది. అయినా డ్రైవర్‌ను కొత్తగా వేసుకో. ఎన్విడియా సొంత సైటు నుంచే తీసుకో, ఇంకెక్కడి నుంచీ వద్దు. ఫైలు పెద్దది, ఫోను డేటా మీద దింపుకునే పనైతే ఆ రోజు కోటా మిగిలి ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుంటే క్లీన్ ఇన్‌స్టలేషన్ అనే గడి కనిపిస్తుంది, దానికి టిక్కు పెట్టు. పాతదాని అవశేషాలు ఊడ్చి కొత్తది వేస్తుంది. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అని ఒక ఉచిత సాధనం ఉంది, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్‌ను వేళ్లతో సహా పీకేస్తుంది. మంచిదే. కానీ దాన్ని మొదటి రోజే వాడకు, మామూలు పద్ధతి విఫలమైతేనే వాడు. వాడినప్పుడు ఇంటర్నెట్ తీసేయి, లేకపోతే నువ్వు డ్రైవర్ వేసేలోపే విండోస్ తన డ్రైవర్ తెచ్చిపెడుతుంది.

ఇక టిక్కు. విండోస్ 11లో డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేస్తే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ పేరు వెంటనే కనిపించకపోవచ్చు. షో మోర్ ఆప్షన్స్ నొక్కితే పాత మెనూ తెరుచుకుంటుంది, అందులో ఉంటుంది. అక్కడా లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి తెచ్చుకోవచ్చు. లోపల మేనేజ్ 3డి సెట్టింగ్స్, అందులో ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో నీ ఆటను ఎంచుకుని, వర్టికల్ సింక్ ఆన్ చెయ్యి. ఆట లోపల ఉన్న వీసింక్ (వర్టికల్ సింక్‌కే పొట్టి పేరు) మాత్రం ఆఫ్ చెయ్యి. రెండు చోట్లా పెడితే రెట్టింపు మేలు జరగదు, ఎవరి మాట చెల్లుతుందో తెలియక నీకే తికమక. ఒక్కరే పెద్దరికం చేయాలి.

ఇక్కడ నా సలహా నీకు కాస్త చేదుగా ఉండవచ్చు. మానిటర్‌ను 75 నుంచి 60కి దించు. కొన్ని ఆటల్లో వర్టికల్ సింక్ ఆన్ చేశాక కార్డు ఒక్క నేత గడువు అందుకోలేకపోతే, ఆ బొమ్మ తర్వాతి నేత దాకా ఆగాల్సిందే. అంటే 75 అందుకోలేని కార్డు 70కి కాదు, ఏకంగా 37.5కి పడిపోతుంది. 60 అందుకోలేనిది 30కి. చీలిక పోయి కుదుపు వస్తుంది, అప్పుడు మళ్లీ నాకు ఉత్తరం రాస్తావు. నీ కార్డు 2019 ఏప్రిల్‌లో వచ్చిన చిన్న కార్డు. జీటీఏ 5లో 60 నిలకడగా పట్టించడం దానికి బరువు కాదు, జనం కిక్కిరిసిన కూడలిలో 75 పట్టించడం బరువే. గడ్డి నాణ్యత, బొమ్మల అంచులను నునుపు చేసే ఎంఎస్‌ఏఏ అనే రెండింటినీ తగ్గిస్తే కార్డుకు ఊపిరి ఆడుతుంది. ఆ ఆటలో కార్డు నెత్తురు తాగేవి ఆ రెండే. కదలని 60 బొమ్మలు ఎగుడుదిగుడు 75 కన్నా కంటికి హాయి.

ప్యానెల్‌లో అడాప్టివ్, ఫాస్ట్ అని ఇంకో రెండు రకాలు కనిపిస్తాయి. అడాప్టివ్ అంటే కార్డు గడువు అందుకున్నంత సేపు ఆజ్ఞ పాటిస్తుంది, అందుకోలేనప్పుడు వదిలేస్తుంది. కుదుపు ఉండదు, అప్పుడప్పుడు చీలిక ఉంటుంది. గడ్డి తగ్గించినా 60 నిలబడకపోతే దీన్ని ప్రయత్నించు. ఫాస్ట్ మీ కార్డుకు దండగ. మానిటర్ వేగానికి రెండు మూడింతల బొమ్మలు తీయగలిగినప్పుడే అది శోభిస్తుంది.

వర్టికల్ సింక్‌కు ఒక మూల్యం ఉంది, దాచను. బొమ్మ సిద్ధమైనా విరామం దాకా ఆగుతుంది కాబట్టి మౌస్ కదిలించడానికీ తెర కదలడానికీ మధ్య స్వల్ప ఆలస్యం వస్తుంది. కార్లు తోలుకునే ఆటలో నీకు తెలియను కూడా తెలియదు. కానీ స్నేహితులతో ఆన్‌లైన్‌లో తుపాకుల ఆట ఆడతావా, అక్కడ దాన్ని ఆఫ్ చేసుకుని చీలికను భరించడమే మేలు. పోటీల్లో ఆడేవాళ్లలో చాలామంది అలాగే ఆడతారు. అందుకే ఆజ్ఞను అన్నింటికీ కలిపి కాకుండా ఒక్కో ఆటకు విడిగా పెట్టుకోమన్నాను.

ఇవన్నీ చేశాక కూడా చీలిక మిగిలితే ఒక పక్కదారి ఉంది. ఆటలో స్క్రీన్ రకాన్ని పూర్తి తెర నుంచి అంచు లేని కిటికీకి, అంటే విండోడ్ బోర్డర్‌లెస్‌కు మార్చు. అప్పుడు ఆట మళ్లీ అక్క డిజైన్ల వరుసలోకి వచ్చి ఆ పెద్దమనిషి చేతికి చిక్కుతుంది, చీలిక ఆగిపోతుంది. విండోస్ 11లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్ పేజీలో కిటికీలో నడిచే ఆటల కోసం ఆప్టిమైజేషన్ మీట ఒకటి ఉంది. డైరెక్ట్‌ఎక్స్ (ఆట కార్డుతో మాట్లాడే పద్ధతి) 10, 11 ఆటలకు ఈ పక్కదారిలో వచ్చే ఆలస్యాన్ని అది తగ్గిస్తుంది, నీ ఆట డైరెక్ట్‌ఎక్స్ 11ది అయితే ఆన్ చేసి చూడు. ఇక రిజిస్ట్రీలో ఫలానా సంఖ్య మార్చండి, ఫలానా సర్వీసు చంపండి అని వీడియోల్లో చెప్పేవాళ్ల జోలికి మాత్రం పోకు. ఆ కంప్యూటర్ మీద అక్క పని కూడా నడుస్తోంది.

ఫ్రీసింక్ సంగతి అడిగావు. ఆలోచన సరైనదే. మానిటర్ తన లయలో నేసుకుంటూ పోకుండా కార్డు ఎప్పుడు కండె అందిస్తే అప్పుడు నేయడం మొదలుపెట్టడమే ఫ్రీసింక్. చీలిక ఉండదు, ఆగడమూ తక్కువ. ఎన్విడియా కూడా 2019 జనవరి నుంచి ఇలాంటి మానిటర్లను ఒప్పుకుంటోంది. చిక్కు ఎక్కడంటే, ఇలాంటి మానిటర్‌తో ఎన్విడియా కార్డుకు డిస్‌ప్లేపోర్ట్ తీగ కావాలి. చవక 75 హెర్ట్జ్ మానిటర్లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ, వీజీఏ మాత్రమే ఉంటాయి. పాత హెచ్‌డీఎంఐ మీద నడిచే ఫ్రీసింక్ ఎన్విడియా పోటీ కంపెనీ ఏఎండీ సొంత పద్ధతి, నీ కార్డుకు ఆ భాష రాదు. మానిటర్ వెనక్కి వంగి చూడు. ఒక మూల మాత్రమే కోసినట్టున్న దీర్ఘచతురస్రపు రంధ్రం ఉంటే అదే డిస్‌ప్లేపోర్ట్. కార్డుకూ ఉండాలి సుమా, 1650ల్లో లేనివీ వచ్చాయి. రెండు వైపులా ఉంటే తీగ కొను, మానిటర్ మెనూలో ఫ్రీసింక్ ఆన్ చెయ్యి, ప్యానెల్‌లో జీ-సింక్ (ఇలాంటి పద్ధతికి ఎన్విడియా పెట్టుకున్న పేరు) ఆన్ చెయ్యి. అప్పుడు నేను 60కి దించమన్న మాట మరచిపోయి 75 లోనే ఆడుకో. లేకపోతే హెచ్‌డీఎంఐని డిస్‌ప్లేపోర్ట్‌గా మార్చే ముక్కలు కొని మోసపోకు.

నాన్నగారి మాట కొట్టిపారేయకు, ఆయన చూసిన లోకంలో అది నిజమే. పిక్చర్ ట్యూబ్ టీవీల కాలంలో బావుల దగ్గర మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ చేస్తే వోల్టేజీ పడిపోయి బొమ్మ నాలుగు వైపులా కుంచించుకుపోయేది. ఇప్పటి కంప్యూటర్‌లో వచ్చే కరెంటును ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై డబ్బా ముందు 12 వోల్టులకూ అంతకంటే తక్కువకూ దించి లోపలికి ఇస్తుంది. వోల్టేజీ మరీ పడితే కంప్యూటర్ ఆరిపోతుంది, లేదా తిరిగి మొదలవుతుంది. ఆటలో స్తంభాన్ని మాత్రమే ఎంచుకుని విరవదు. ఆయన డబ్బు పెట్టాలనే అనుకుంటుంటే స్టెబిలైజర్ బదులు చిన్న యూపీఎస్ కొనమను. కరెంటు పోయినప్పుడు అక్క సేవ్ చేయని డిజైన్ దక్కుతుంది.

విండోస్ 10కి వెనక్కి వెళ్లే దారి సెట్టింగ్స్‌లో మార్చిన 10 రోజుల వరకే ఉంటుంది. నీకు నెల దాటింది. ఇప్పుడు వెళ్లాలంటే డిస్కు తుడిచి మొదటి నుంచి వేయాలి. పైగా 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. ఒక టిక్కు కోసం అంత దూరం నడవనక్కర్లేదు.

ఈ పనంతా ఆదివారం పగలు, అక్కకు పని లేని వేళ పెట్టుకో. డ్రైవర్ వేసేటప్పుడు తెర రెండు మూడు సార్లు నల్లబడి తిరిగి వస్తుంది, కంగారుపడి మీట ఆపేయకు. మొదలుపెట్టే ముందు అక్క డిజైన్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ అక్క చేతికే ఇవ్వు. స్క్రీన్‌షాట్‌లలో స్తంభం విరిగి కనిపిస్తే మాత్రం వాటిలో రెండు జతచేసి మళ్లీ రాయి.